ముస్తఫా బోర్డు రిపేరు: ఐదు వోల్టులు ఎక్కడ కొలవాలి

ఈ బోర్డు నా దగ్గరికి నరసాపురం వైపు నుంచి వచ్చింది. 1993లో క్యాప్‌కామ్ కంపెనీ విడుదల చేసిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ ఆటకు కాపీ బోర్డు ఇది. అసలు పేరు చెబితే మన వైపు ఎవరూ గుర్తుపట్టరు. ముస్తఫా గేమ్ అంటే మాత్రం, సినిమా హాలు పక్కన వీడియో గేమ్స్ షాపులో రూపాయి బిళ్లలు ఖర్చుపెట్టిన ప్రతివాడికీ తెలుస్తుంది. ఆటలో జాక్, హన్నా, మెస్, ముస్తఫా అని నలుగురు ఉంటారు. మనవాళ్లు ఆట మొత్తానికి ముస్తఫా పేరే ఖాయం చేసేశారు. బోర్డు యజమాని తొంభైల్లో అలాంటి షాపు నడిపినాయన. షాపు మూసేశాక క్యాబినెట్‌ను ఇంటి వెనక కొబ్బరికాయలు పోసే గదిలో పెట్టేశారు. సంక్రాంతికి మనవలు వస్తారు, వాళ్లకు ఆడించి చూపించాలని ఆయన కోరిక.

కంప్లయింటు ఇది. స్విచ్ వేయగానే తెర నిండా రంగురంగుల గళ్లు వస్తాయి. అవి కదలవు. సౌండు లేదు, కాయిన్ స్విచ్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. అంతకుముందు ఎవరో మెకానిక్ చూసి "ప్రాసెసర్ పోయింది, ఇప్పుడు దొరకదు" అని చెప్పారట. యజమాని నన్ను అడిగిన మొదటి మాట కూడా అదే.

"ప్రాసెసర్ పోతే ఇంక తుక్కేనంటారా అబ్బాయ్?"

"ముందు దానికి కరెంటు అందుతోందో లేదో చూడనివ్వండి బాబాయ్ గారూ" అన్నాను.

ఆయన్ని ఊరుకోబెట్టడానికి అన్న మాట కాదది. గోదావరి డెల్టాలో ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేసేవాడిగా నేను గట్టిగా నమ్మే విషయం. నా రోజువారీ పని ఎక్కువగా రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్ల ప్యానెళ్లు, ఇన్వర్టర్ బోర్డులు, స్టెబిలైజర్లు. మన దగ్గర బోర్డు పనిచేయడం మానేస్తే ఐసీ (చిప్) లోపల జరిగిందేమిటని వెతకడం చివరి పని. అతుకుల దగ్గర, అంటే కనెక్టర్లలో, ఐసీలను గుచ్చే బేసుల్లో, పిన్నుల మెడల (ఐసీలోంచి పిన్ను బయటికొచ్చే చోటు) దగ్గర ఏం జరిగిందో చూడటం మొదటి పని. ఉప్పుగాలి, తేమ ముందుగా అక్కడికే చేరతాయి.

బోర్డు చూడగానే కనిపించినవి

బోర్డును పగటి వెలుతురులో భూతద్దం పెట్టి చూశాను. కరెంటు ఇవ్వకముందే ఈ పని తీరిగ్గా చేయాలి. ఐసీల పిన్నులు చాలావాటికి నల్లబడ్డాయి. వెండి పూత ఉన్న పాత ఐసీల పిన్నులు గాలిలోని గంధకంతో కలిసి ఇలా నల్లగా మారతాయి. చూడటానికి భయపెడుతుంది గానీ సోల్డర్ చేసిన పిన్ను నలుపెక్కినంత మాత్రాన నష్టం లేదు. బేసులో గుచ్చిన పిన్ను నల్లబడితే మాత్రం ఆలోచించాలి, ఎందుకంటే అక్కడ కరెంటు దాటేది ఆ పూత మీదుగానే. బోర్డు ఒక మూల ఆకుపచ్చ మరకలు కనిపించాయి. రాగి ట్రాకు మీది పూత లేచిన చోట తేమ తగిలి వచ్చిన కిలుం అది. బ్రష్‌తో కడిగి, మీటర్ బీప్‌లో పెట్టి చూస్తే ఆ ట్రాకులేవీ తెగలేదు.

ప్రోగ్రామ్, బొమ్మల డేటా దాచి ఉండే చిప్‌లు ఈప్రామ్‌లు. వాటిలో రెండింటికి పైనుండే గాజు కిటికీ మీద స్టిక్కర్లు ఊడిపోయాయి. ఈప్రామ్‌లోని డేటా అల్ట్రావయొలెట్ వెలుతురు తగిలితే చెరిగిపోతుంది. ఎండ నేరుగా కొన్ని రోజులపాటు పడినా ప్రమాదమే. చీకటి గదిలో ఉండటం వల్ల ఇవి బతికిపోయాయి.

సోల్డరింగ్ ఐరన్ పట్టుకునేముందు చేసిన ముఖ్యమైన పని, బేసుల్లో ఉన్న ఈప్రామ్‌లన్నీ ఒక్కొక్కటిగా తీసి ప్రోగ్రామర్‌లో (చిప్‌లను చదివే పరికరంలో) పెట్టి చదివి, ఫైళ్లుగా దాచుకోవడం. ఇలాంటి బోర్డు బాగుచేయబోయే ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే. ఐసీలు పోతే వేరేవి వేసుకోవచ్చు, ప్రోగ్రామ్ పోతే ఆట పోయినట్టే. 1997లో మొదలైన, పాత ఆటలను కంప్యూటర్‌లో నడిపించే మేమ్ అనే ఎమ్యులేటర్ ప్రాజెక్టు పుణ్యమా అని పాత ఆర్కేడ్ ఆటల్లో ఎక్కువ వాటికి ప్రతి చిప్‌లో ఉండాల్సిన డేటా తాలూకు చెక్‌సమ్‌లు (డేటా మారిందో లేదో తేల్చే లెక్క సంఖ్యలు) జాబితాగా దొరుకుతాయి. కాపీ బోర్డులకు కూడా చాలావాటికి వేరుగా జాబితాలున్నాయి. నేను చదివిన ఫైళ్ల చెక్‌సమ్‌లు వాటితో పోల్చాను. అన్నీ సరిపోయాయి. అంటే ప్రోగ్రామ్, బొమ్మల డేటా రెండూ క్షేమం. ఈ ఒక్క పరీక్షతో అనుమానితుల్లో సగం మంది పక్కకు తప్పుకున్నారు. కిటికీలకు అల్యూమినియం రేకు స్టిక్కర్లు అంటించి చిప్‌లను తిరిగి వాటి చోట్లలో పెట్టాను. చిప్ తీసేముందు ఫోన్‌తో ఫొటో తీసుకుంటే ఏది ఎక్కడిదో, గాడి ఎటు వైపు ఉండాలో గొడవ ఉండదు.

ఐదు వోల్టులు

ఈ తరం బోర్డులకు కరెంటు జామా కనెక్టర్ ద్వారా వస్తుంది. జపాన్‌లో ఆర్కేడ్ ఆటల తయారీదారుల సంఘం 1985లో ఖరారు చేసిన పద్ధతి ఇది. మొత్తం 56 పిన్నులు, బోర్డుకు పై వైపు 28, కింది వైపు 28. పై వైపు 1, 2 పిన్నులు గ్రౌండ్, 3, 4 పిన్నులు ప్లస్ ఐదు వోల్టులు, 6వది ప్లస్ పన్నెండు. కింది వైపు వాటికి ఎదురుగా ఉన్నవి కూడా అవే. చివర్లో 27, 28 మళ్లీ గ్రౌండ్. ఐదు వోల్టులకు, గ్రౌండ్‌కు ఇన్ని పిన్నులు ఎందుకిచ్చారంటే బోర్డు తీసుకునే కరెంటు ఎక్కువ, ఆ బరువును అన్నీ పంచుకోవాలి.

క్యాబినెట్‌లోని ఎస్‌ఎంపీఎస్ (బోర్డుకు కరెంటు ఇచ్చే పవర్ సప్లై) దగ్గర స్క్రూల మీద కొలిస్తే 5.12 వోల్టులు ఉంది. ఇక్కడ ఆగిపోయి "సప్లై బాగానే ఉంది, ప్రాసెసర్ పోయింది" అనేస్తే ఆ తీర్పుకు ఆధారం లేదు. బోర్డులో పనిచేసేది ఎస్‌ఎంపీఎస్ స్క్రూ కాదు కదా. మోటరోలా 68000 ప్రాసెసర్, 64 పిన్నుల పెద్ద ఐసీ, దాని 14వ పిన్ను మీద ఎర్ర ప్రోబు, 16వ పిన్ను మీద నల్ల ప్రోబు పెట్టాను. 4.55 వోల్టులు.

ఈ బోర్డులోని 74ఎల్ఎస్ రకం లాజిక్ ఐసీలు సరిగా పనిచేయాలంటే 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలని తయారీదారులే రాస్తారు. 4.55 దగ్గర కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు, కొన్ని వేడెక్కాక చేయవు. ఇలాంటి బోర్డు మీద ఇంకే పరీక్ష చేసినా ఫలితాన్ని నమ్మలేం.

పోయిన 0.57 వోల్టు ఎక్కడ పోయిందో కనుక్కోవడానికి మీటర్ సరిపోతుంది. బోర్డు ఆన్‌లో ఉండగానే ఎర్ర ప్రోబు ఎస్‌ఎంపీఎస్ ప్లస్ స్క్రూ మీద, నల్ల ప్రోబు ప్రాసెసర్ 14వ పిన్ను మీద పెట్టాను. 0.31 వోల్టు చూపించింది. తర్వాత గ్రౌండ్ వైపు అదే పని, ఒక ప్రోబు ఎస్‌ఎంపీఎస్ మైనస్ స్క్రూ మీద, రెండోది ప్రాసెసర్ 16వ పిన్ను మీద. 0.26 వోల్టు. రెండూ కలిపితే పోయిన లెక్క సరిపోయింది. మామూలుగా అందరూ ప్లస్ వైపే చూస్తారు, గ్రౌండ్‌ను ఎవరూ అనుమానించరు. ఇక్కడ నష్టంలో దాదాపు సగం గ్రౌండ్ దారిలోనే ఉంది. చెరువుల దగ్గర ప్యానెళ్లలో కూడా నాకు తరచూ కనిపించేది ఇదే.

ఆ తర్వాత ప్రోబును కొంచెం కొంచెంగా జరుపుతూ వచ్చాను. ఎస్‌ఎంపీఎస్ నుంచి కనెక్టర్ వెనక సోల్డర్ చేసిన చోటు వరకు నష్టం కొద్దిగానే ఉంది. కనెక్టర్ వెనక నుంచి బోర్డు అంచున ఉన్న పిన్ను వరకు, అంటే ఒక్క సెంటీమీటరు దూరంలో, మిగిలినదంతా పోతోంది. బోర్డు తీసుకునే కరెంటు సుమారు 3 ఆంపియర్లు. దాన్నిబట్టి లెక్కేస్తే దారి మొత్తం మీద నిరోధం 0.19 ఓమ్‌లు. బీప్ పెట్టి చూస్తే ఈ అతుకు చక్కగా బీప్ కొడుతుంది. ఓమ్స్‌లో పెట్టినా మామూలు మీటర్ ఇంత చిన్న తేడా పట్టలేదు. కరెంటు పారుతుండగా వోల్టేజి నష్టం కొలిస్తేనే బయటపడుతుంది. ఆ నష్టం వేడిగా మారుతుంది కాబట్టి కనెక్టర్ ప్లాస్టిక్ 3, 4 పిన్నుల దగ్గర గోధుమ రంగుకు తిరిగింది కూడా.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. ఎస్‌ఎంపీఎస్ మీద వోల్టేజి సరిచేసే చిన్న నాబ్ ఉంటుంది. దాన్ని తిప్పి ఐసీల దగ్గర ఐదు వచ్చేదాకా పెంచేస్తారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. అలా చేస్తే ఎస్‌ఎంపీఎస్ దగ్గర దాదాపు 5.6 అవుతుంది. చెడ్డ అతుకు మరింత వేడెక్కుతుంది. రేపు ఎవరో కనెక్టర్ తీసి తుడిచి పెట్టగానే ఆ 5.6 మొత్తం బోర్డు మీద పడుతుంది.

బోర్డు అంచు పిన్నులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. ఇసుక కాగితం వాడకూడదు, ఆ పూత ఒకసారి పోతే కింది రాగికి మన గాలి చాలు. పాత కనెక్టర్‌లో పత్తీల (పిన్నును పట్టుకునే లోహపు రేకుల) స్ప్రింగు చచ్చిపోయింది కాబట్టి దాన్ని తీసేసి, అదే 3.96 మిల్లీమీటర్ల పిచ్ (పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం) ఉన్న కొత్తది వేశాను. పాత వైరింగులో ఐదు వోల్టులకు ఒక్క పిన్నే కలిపి ఉంది. ఇప్పుడు రెండు వైపులా ఉన్న నాలుగు పిన్నులకూ విడివిడిగా మందపాటి వైరు ఇచ్చి, గ్రౌండ్‌కు కూడా అలాగే చేశాను. ఎస్‌ఎంపీఎస్ నాబ్‌ను ముట్టుకోలేదు. ఇప్పుడు ప్రాసెసర్ పిన్నుల దగ్గర 5.04 వోల్టులు.

తెర మీద గళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. కానీ ఇక నుంచి కొలిచే ప్రతి కొలతకూ విలువుంది.

ప్రాసెసర్ ఎందుకు ఆగిపోతోంది

68000 ప్రాసెసర్ మీద చూడాల్సిన పిన్నులు మొదట మూడు. 15వ పిన్ను క్లాకు (ప్రాసెసర్‌ను నడిపించే లయ), 18వది రీసెట్ (మొదటి నుంచి మొదలుపెట్టించేది), 17వది హాల్ట్ (ఆగడానికి సంబంధించినది). సీఆర్‌ఓ (సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపించే ఆసిలోస్కోప్) పెట్టి చూస్తే క్లాకు శుభ్రంగా ఉంది. రీసెట్ పిన్ను ఆన్ చేయగానే కాసేపు కిందే, అంటే సున్నా వోల్టుల దగ్గరే, ఉండి పైకి లేస్తోంది, అది సరైన నడక. హాల్ట్ పిన్ను కూడా దానితోపాటు పైకి లేచింది, కానీ వెంటనే మళ్లీ కిందికి పడి అక్కడే ఉండిపోయింది.

ఈ ఒక్క గుర్తులో చాలా సమాచారం ఉంది. ఈ బోర్డులో రీసెట్, హాల్ట్ వేరువేరు గేట్ల నుంచి వస్తాయి. రీసెట్ పైన ఉండి హాల్ట్ మాత్రమే కింద ఉందంటే, దాన్ని కిందికి లాగుతున్నది ప్రాసెసరే. 68000కు ఒక తప్పు ఎదురైతే దాన్ని సర్దుకునే ప్రయత్నం చేస్తుంది. ఆ ప్రయత్నంలోనే రెండో తప్పు ఎదురైతే తనంతట తానే ఆగిపోయి, హాల్ట్ పిన్నును కిందికి లాగి బయటికి చెబుతుంది. డబుల్ బస్ ఫాల్ట్ అంటారు దీన్ని. చచ్చిన ప్రాసెసర్ ఈ పని చేయలేదు. "ప్రాసెసర్ పోయింది" అన్న మాట తప్పని నాకు గట్టిగా అనిపించింది ఇక్కడే.

6వ పిన్ను, అడ్రస్ స్ట్రోబు, ప్రాసెసర్ మెమరీని ఏదైనా అడిగినప్పుడల్లా కొట్టుకునే నాడి అది. సీఆర్‌ఓను సింగిల్ షాట్‌లో పెట్టి, రీసెట్ పైకి లేచే క్షణం నుంచి పట్టుకున్నాను. కొన్ని పల్సులు వచ్చాయి, ఆ వెంటనే గీత చదునైపోయింది. అంటే బండి మొదలైన తొలి అడుగుల్లోనే పడిపోతోంది. ఆ తొలి అడుగులు ఏమిటో ఖాయంగా తెలుసు. రీసెట్ తర్వాత 68000 మెమరీలో సున్నా అడ్రసు నుంచి మొదలుపెట్టి నాలుగు వర్డులు (ఒక్కోటి రెండు బైట్లు) చదువుతుంది. మొదటి రెండూ స్టాక్ (ప్రాసెసర్ తాత్కాలిక వివరాలు రాసుకునే చోటు) ఎక్కడుందో చెబుతాయి, తర్వాతి రెండూ ప్రోగ్రామ్ ఎక్కడ మొదలవుతుందో చెబుతాయి. ఈ ఎనిమిది బైట్లు ఎలా ఉండాలో నా దగ్గర దాచుకున్న ఈప్రామ్ ఫైళ్లలో ఉంది. ముందే చదివి పెట్టుకోమన్నది ఇందుకు కూడా.

డేటా లైన్లు 16 ఉన్నాయి. ఒక్కో లైన్ మీద ప్రోబు పెట్టి, ఆ నాలుగు చదువుల దగ్గర ఏ లైన్ పైన ఉంది, ఏది కింద ఉంది అని కాగితం మీద రాసుకుంటూ ఫైలుతో పోల్చాను. ఓపిక కావాల్సిన పని, కానీ ఊహలకు ఇందులో తావుండదు. 15 లైన్లు ఫైలు చెప్పినట్టే కదిలాయి. ప్రాసెసర్ 5వ పిన్ను, అంటే డేటాలో అన్నిటికన్నా చిన్న బిట్ డి0, మాత్రం పైకీ కిందికీ కాకుండా సుమారు 1.5 వోల్టుల దగ్గర వేలాడుతోంది. దాన్ని ఏ ఐసీ నడపడం లేదు. అలా వదిలేసిన లైన్‌ను టీటీఎల్ (74ఎల్ఎస్ లాంటి ఐసీల కుటుంబం) సర్క్యూట్లు సాధారణంగా 1 కింద చదువుతాయి.

ఇప్పుడు కథ మొత్తం కలిసింది. 68000 సూచనలు, స్టాక్ ఎప్పుడూ సరి అడ్రసుల్లోనే ఉండాలి. డి0 ఎప్పుడూ 1 అయితే చదివిన రెండు అడ్రసులూ బేసి సంఖ్యలైపోతాయి. ప్రోగ్రామ్ మొదలుపెట్టబోతే బేసి అడ్రసు, అది మొదటి తప్పు. ఆ తప్పు వివరాలు స్టాక్‌లో రాయబోతే అక్కడా బేసి అడ్రసు, అది రెండో తప్పు. ప్రాసెసర్ ఆగిపోయింది. తన నియమాల ప్రకారం అది చేయాల్సినదే చేసింది. ఆట ప్రోగ్రామ్ ఒక్క సూచన కూడా నడవలేదు కాబట్టి తెర మీద కనిపించిన గళ్లు, కరెంటు రాగానే వీడియో మెమరీలో ఉన్న చెత్తే.

డి0 దారి పట్టుకుని వెనక్కి వెళ్లాను. ప్రాసెసర్ 5వ పిన్ను నుంచి ట్రాకు ఒక 74ఎల్ఎస్245 ఐసీకి వెళ్తుంది. రెండు వైపులా డేటాను దాటించే ఎనిమిది లైన్ల బఫర్ అది. దాని 18వ పిన్ను దగ్గర, ఐసీ మెడ మీదే ప్రోబు పెట్టాను. ఇక్కడా 1.5 వోల్టులే, కాబట్టి ట్రాకు తప్పు లేదు. అదే లైన్ ఐసీలోకి వచ్చే చోటు 2వ పిన్ను. అక్కడ మెడ మీదే చూస్తే ఈప్రామ్ నుంచి వచ్చిన సిగ్నల్ సున్నాకూ నాలుగు వోల్టులకూ మధ్య చక్కగా ఆడుతోంది. 19వ పిన్ను, ఐసీని పనిచేయమని చెప్పేది, సరైన సమయంలో కిందికి వస్తోంది. 1వ పిన్ను, దిశ చెప్పేది, సరిగానే ఉంది. 20, 10 పిన్నుల మీద 5.03 వోల్టులు. మిగిలిన ఏడు లైన్లు బాగున్నాయి. ఇన్ని అతుకుల పరీక్షలు దాటాక, ఐసీ లోపల ఒక ఔట్‌పుట్ తెగిపోయిందని చెప్పడానికి అప్పుడు హక్కు వచ్చింది.

దాన్ని రుజువు చేయడానికి పీకే పని లేదు. మంచి 74ఎల్ఎస్245ను పాతదాని మీద ఎక్కించి, పిన్నులన్నీ పిన్నులకు తగిలేలా నొక్కి పట్టుకుని స్విచ్ వేశాను. క్యాప్‌కామ్ బొమ్మ వచ్చింది, ఆట మొదలైంది. ఈ పద్ధతి ఎప్పుడు పనికొస్తుందో తెలిసి వాడాలి. పాత ఐసీ ఔట్‌పుట్ తెగి ఊరకే వేలాడుతుంటే పైనున్న ఐసీ ఆ లైన్‌ను నడపగలదు. పాతది లైన్‌ను సున్నాకో ఐదుకో గట్టిగా పట్టుకుని ఉంటే రెండూ కొట్లాడుకుంటాయి, ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది, కొత్తది కూడా వేడెక్కుతుంది. ముందు సీఆర్‌ఓలో ఆ 1.5 వోల్టులు చూసుకున్నాను కాబట్టే ధైర్యంగా ఎక్కించాను.

పాత ఐసీని తీసేటప్పుడు బోర్డే ముఖ్యం, ఐసీ కాదు. చిన్న కట్టర్‌తో పిన్నులను మెడ దగ్గర ఒక్కొక్కటిగా కత్తిరించి, ఐసీ శరీరాన్ని తీసి పారేశాను. తర్వాత ఒక్కో పిన్నుకు కొంచెం కొత్త సోల్డర్ కలిపి వేడిచేసి పట్టకారుతో లాగేశాను. చివరికి రంధ్రాలను సక్కర్‌తో శుభ్రం చేశాను. ఐసీ మొత్తాన్ని కాపాడాలని ఒకేసారి పీకబోతే రంధ్రాల లోపలి రాగి గొట్టం ఊడి వస్తుంది. ఆ నష్టం ఐసీ ధర కన్నా చాలా పెద్దది. గ్రౌండ్ పిన్ను దగ్గర వెడల్పు రాగి వేడిని లాగేస్తుంది కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు ఐరన్ పెట్టాలి, బలం పెట్టకూడదు. ఖాళీ అయిన చోట గుండ్రటి పిన్నుల మంచి బేసు సోల్డర్ చేసి కొత్త ఐసీ పెట్టాను.

ఐసీ ఎక్కడ దొరికిందని చాలామంది అడుగుతారు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో వెతికితే 74ఎల్ఎస్ రకాలు ఇప్పటికీ దొరుకుతాయి. నేను మాత్రం పాత కంప్యూటర్ల ఐఎస్ఏ కార్డులు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ బోర్డులు తుక్కులోకి వెళ్లకుండా దాచుకుంటాను. 245, 244, 373 లాంటి ఐసీలు వాటిలో కావలసినన్ని ఉంటాయి. పేరు చెరిపి కొత్త పేరు కొట్టిన నకిలీల బెడద వాటికి ఉండదు. అయినా సరే, పెట్టేముందు ప్రోగ్రామర్‌లోని లాజిక్ టెస్ట్‌లో ఒకసారి పరీక్షిస్తాను.

ఆట వచ్చింది, గీతలు మిగిలాయి

ఆట నడుస్తోంది గానీ కొందరు శత్రువుల ఒంటి మీద సన్నటి నిలువు గీతలున్నాయి. వాళ్లు కదిలితే గీతలూ వాళ్లతోనే కదులుతున్నాయి. వాళ్లు వెనక్కి తిరిగితే గీతలూ అద్దంలో తిరగబడినట్టు తిరుగుతున్నాయి. ముస్తఫా ఒంటి మీద గీతల్లేవు. నేల, గోడలు బాగున్నాయి.

బొమ్మతోపాటు కదిలే లోపం బొమ్మ డేటాలోనిది. తెర మీద ఒకేచోట నిలబడే లోపమైతే వీడియో ఔట్‌పుట్ వైపు వెతకాలి. ఈ ఆటలో ప్రతి చుక్క రంగూ నాలుగు బిట్లతో తయారవుతుంది, అంటే 16 రంగులు. ఒక ఈప్రామ్‌లోని ఒక బైటు, వరుసగా ఎనిమిది చుక్కలకు ఒక్కో బిట్ చొప్పున ఇస్తుంది. ఆ చిప్ డేటా పిన్నుల్లో ఒకటి పనిచేయకపోతే ప్రతి ఎనిమిది చుక్కల్లో ఒక దాని రంగు తప్పుతుంది. ఫోన్‌తో తెరను ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే గీతల మధ్య దూరం సరిగ్గా ఎనిమిది చుక్కలే ఉంది. కొందరి మీదే ఉందంటే వాళ్ల బొమ్మలు దాచిన చిప్ ఒక్కదానిలోనే లోపం.

కానీ ఆ చిప్‌ల చెక్‌సమ్‌లన్నీ సరిపోయాయని ముందే తేలింది. చిప్ మంచిదే, చిప్ చెప్పే మాట బోర్డుకు చేరడం లేదు. మళ్లీ అదే కొలత. బొమ్మల ఈప్రామ్‌ల డేటా పిన్నుల మీద, ముందు చిప్ మెడ మీద, తర్వాత బోర్డు అడుగున బేసు సోల్డర్ మీద, రెండు చోట్లా ప్రోబు పెట్టుకుంటూ వచ్చాను. ఒక చిప్ 19వ పిన్ను మెడ మీద సిగ్నల్ ఆడుతోంది, అడుగున సోల్డర్ దగ్గర ఏమీ లేదు. మధ్యలో ఉన్నది బేసులోని పత్తీ మాత్రమే. చిప్ తీసి భూతద్దంలో చూస్తే ఆ పత్తీ కిలుం పట్టి, పిన్నుకు దూరంగా వంగిపోయింది.

ఇలాంటి బేసుల్లో కాంటాక్ట్ స్ప్రే కొడితే ఆ రోజుకు పనిచేస్తుంది. నాకది ఇష్టం లేదు. పాత బేసులోని స్ప్రింగు స్ప్రేతో తిరిగి రాదు, పైగా నూనె మిగిలి దుమ్ము పడుతుంది. ఆ బేసునే కాదు, అదే వరుసలో అదే రకం బేసులన్నిటినీ తీసేసి కొత్తవి వేశాను. యజమానికి ఖర్చు పెరిగింది. ఎందుకో ఆయనకు వంగిన పత్తీని భూతద్దంలో చూపించి చెప్పాను, ఆయన మారుమాట్లాడకుండా ఒప్పుకున్నారు. చిప్ పిన్నుల నలుపును గాజు నార బ్రష్‌తో తీసి పెట్టాక గీతలు పోయాయి.

సౌండు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అసలు బోర్డులో క్యూసౌండ్ అనే సౌండు పద్ధతి ఉంటుంది. ఈ కాపీలో దాని బదులు ఓకేఐ ఎం6295 చిప్, దాన్ని నడిపే చిన్న పిక్ కంట్రోలర్ ఉన్నాయి. అందుకే కాపీ బోర్డుల్లో సంగీతం వేరుగా వినిపిస్తుంది, అది రిపేరుతో మారేది కాదు. ప్రాసెసర్ లేవగానే సౌండూ లేచింది. యాంప్లిఫయర్ దగ్గర ఎండిపోయిన కెపాసిటర్లు మార్చితే గుర్రుమనే చప్పుడు తగ్గింది.

తిరిగి ఇచ్చేముందు

బోర్డును బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరబెట్టాను. మన కుళాయి నీళ్లలో, బోరు నీళ్లలో ఉప్పు ఉంటుంది, వాటితో కడిగితే కడగకపోవడమే నయం. ఆకుపచ్చ మరకలు పడిన మూల మాత్రం పీసీబీ లాకర్ (బోర్డుకు తేమ తగలకుండా వేసే పూత) పూశాను. బోర్డంతా లాకర్ కొట్టమని కొందరంటారు. బేసులూ కనెక్టర్లూ ఉన్న బోర్డు మీద అలా కొడితే అది పత్తీల్లోకి దిగి కొత్త జబ్బు తెస్తుంది.

క్యాబినెట్‌కు ఎర్తింగ్ లేదు. పాత షాపుల్లో చాలావాటికి ఉండేది కాదు. పిల్లలు ఇనుప కాయిన్ డోరు ముట్టుకుంటారు, కింద తడి గచ్చు. మూడు పిన్నుల ప్లగ్ పెట్టి ఎస్‌ఎంపీఎస్ బాడీని, కాయిన్ డోరును ఎర్త్‌కు కలిపే వరకు క్యాబినెట్‌ను అప్పగించనని చెప్పాను. మానిటర్ పాత పిక్చర్ ట్యూబుదే. దాని లోపల స్విచ్ ఆపాక కూడా వేల వోల్టులు మిగిలి ఉండవచ్చు కాబట్టి వెనక తలుపుకు తాళం పెట్టించాను.

వర్షాకాలంలో వారానికోసారి ఆన్ చేసి గంటసేపు ఉంచమని యజమానికి చెప్పాను. లోపలి వేడికి తేమ ఎగిరిపోతుంది. కొబ్బరికాయల గది మాత్రం వద్దని గట్టిగా చెప్పాను, ఇప్పుడది ముందు వసారాలో ఉంది. వెనక తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించాను. ఎస్‌ఎంపీఎస్ దగ్గర 5.12, ప్రాసెసర్ 14, 16 పిన్నుల మధ్య 5.04, ప్లస్ దారిలో నష్టం 0.05, గ్రౌండ్ దారిలో 0.03. ఎప్పుడైనా గళ్లు మళ్లీ వస్తే, వచ్చే మెకానిక్ ఎవరైనా ముందు ఈ నాలుగు అంకెలు కొలిచి పోల్చుకోవాలని.

ఈ ఆట ముగ్గురు కలిసి ఆడేది. జామాలో ఇద్దరి జాయ్‌స్టిక్‌లకే పిన్నులుంటాయి, మూడో వాళ్ల వైర్లు బోర్డు మీద వేరే చిన్న కనెక్టర్‌కు వస్తాయి. దాని పిన్నుల్లోనూ ఇదే కిలుం ఉంటే కనెక్టర్ మార్చాను. క్యాబినెట్ మీద మూడో జాయ్‌స్టిక్ ఎప్పుడో విరిగిపోయింది. "మనవలు ముగ్గురు, మూడోదీ పెట్టెయ్ అబ్బాయ్" అన్నారాయన. దాని కోసం రాజమండ్రిలో చెప్పి ఉంచాను.